కదలని టేబుల్ ఒకటి

నేను డిటెక్టివ్ కథలు రాస్తానని తెలిసినవాళ్ళు ముందు అడిగేది ఒకటే. "బొద్దింక కనిపిస్తే మంచమెక్కే మనిషివి, హత్యలెలా రాస్తావే?" మా పెద్దాడపడుచుగారైతే పెళ్ళి భోజనాల బంతిలో అందరికీ వినపడేలా అడిగారు. నా కథల్లో రక్తపుబొట్టు ఉండదు వదినా, పోతే గీతే వెండి సామాన్లు పోతాయి అన్నాను. "మరి దానికి డిటెక్టివ్ కథ అని అంత పేరెందుకు, మరచెంబు పోయిన కథ అనరాదూ" అన్నారు. ఆవిడ మాటా తీసిపారేసేది కాదు.

ఇంగ్లీషులో ఈ రకానికి కోజీ మిస్టరీ అని పేరుంది. చిన్న ఊరో, ఒక వీధో ఉంటుంది. అందరికీ అందరూ తెలుసు. నేరం తెర వెనకాల జరిగిపోతుంది, మనకి చూపించరు. దాన్ని విప్పేది పోలీసులు కాదు, ఏ పక్కింటి పెద్దావిడో. పుస్తకం మూసేసరికి దొంగ దొరుకుతాడు, మనం హాయిగా నిద్రపోతాం. పిల్లలకి జ్వరం వచ్చి రాత్రంతా మేలుకున్న రోజుల్లో ఇలాంటి పుస్తకాలే నన్ను నిలబెట్టాయి. భయం అక్కర్లేదు, ఆలోచన మాత్రం కావాలి. అప్పట్లో నాకు కావలసింది అదే.

మేముండేది నల్లగండ్లలో. పద్నాలుగు అంతస్తులు, అంతస్తుకి ఆరు ఇళ్ళు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఈ వైపంతా బండలూ తుప్పలే. ఇప్పుడు ఆ బండల మీద లేచిన ఒక్కో టవర్లో ఒక్కో పల్లెటూరంత జనం ఉన్నారు. పల్లెటూరిని పట్టుకుని నిలువుగా నిలబెడితే అపార్ట్‌మెంట్. ఆరో అంతస్తులో ఇంగువ పోపు వేస్తే ఏడో అంతస్తుకి తెలుస్తుంది. ఎనిమిదింటికి కూడా తలుపుకి పాలసంచీ వేలాడుతుంటే ఆ ఇంట్లో వాళ్ళు ఊళ్ళో లేరని అర్థం. గుమ్మంలో రోజూ పిండితో ముగ్గు వేసే ఇంట్లో పెద్దవాళ్ళున్నారనీ, ముగ్గు స్టిక్కర్ ఉంటే ఆ ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్థులనీ తొంభై శాతం చెప్పేయొచ్చు. నా కథల్లో తొమ్మిదో అంతస్తు సుభద్రమ్మగారు, అరవై ఏడేళ్ళ రిటైర్డ్ తెలుగు టీచరు, ఇవే చూస్తారు. అవన్నీ మీరూ నేనూ రోజూ చూసేవే. ఆవిడ మర్చిపోరు, అంతే.

ఈ దారికి పెద్దదిక్కు అగాథా క్రిస్టీ. 66 డిటెక్టివ్ నవలలు రాసింది. ఆవిడ ఎలా రాసేదో చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు. మనం ఊహించుకునే రచయితల గది, గోడ నిండా పుస్తకాలు, కిటికీలోంచి తోట, అలాంటివేమీ అక్కర్లేదట ఆవిడకి. కావలసింది ఒక టైప్‌రైటరూ, కదలకుండా నిలబడే ఒక టేబులూ. పడగ్గదిలో చేతులు కడుక్కునే చలవరాతి బల్లయినా సరే, ఒక భోజనానికీ ఇంకో భోజనానికీ మధ్య ఖాళీగా ఉండే డైనింగ్ టేబులైనా సరే. తన ఆత్మకథలో ఈ సంగతి చెప్పుకుంది. ఫోటోలు తీయడానికి వచ్చిన పత్రికలవాళ్ళు మీరు రాసుకునే చోటు చూపించండి అంటే ఆవిడకి ఏం చూపించాలో తోచేది కాదట.

డైనింగ్ టేబులన్న మాట చదివి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుండిపోయాను. నాదీ అదే టేబుల్ మరి. మావారు తొమ్మిదిన్నరకి కోకాపేట ఆఫీసుకి బయల్దేరతారు. పనమ్మాయి పదింటికి వస్తుంది. ఆ అమ్మాయి ఇల్లు తుడిచేలోపు నేను టేబుల్ తుడిచి, పచ్చడి జాడీలు ఒక పక్కకి జరిపి, పదింబావుకి కూర్చుంటాను. పన్నెండు లోపు లేస్తాను. మళ్ళీ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. ఒక కాలు కింద అట్టముక్క మడిచి పెట్టాం కాబట్టి మా టేబుల్ ఊగదు. అట్టముక్క జారిన రోజు కథ సాగదు. ఇది చాదస్తమో మరేమో నాకూ తెలీదు.

క్రిస్టీ కథలు అల్లుకునేది మటుకు టేబుల్ దగ్గర కాదు. స్నానాల తొట్టిలో కూర్చుని ఆపిల్ పళ్ళు కొరుకుతూ ఆలోచించేదని ప్రసిద్ధి. మొదటి నవల సగంలో ఆగిపోతే వాళ్ళమ్మ సలహా మీద డార్ట్‌మూర్ అనే కొండప్రాంతానికి వెళ్ళి, ఒక హోటల్లో దిగి, పొద్దుటంతా రాసి, మధ్యాహ్నం ఆ బీళ్ళలో ఒంటరిగా నడుస్తూ పాత్రల మాటలన్నీ పైకే అనుకునేదట. అంట్లు తోముతున్నప్పుడే కథ బాగా కుదురుతుందని ఆవిడ అన్నట్టు ఒక మాట కూడా తిరుగుతూ ఉంటుంది. ఆవిడే అన్నా ఎవరన్నా, మాట నిజం. చేతులకి పని ఉండి బుద్ధికి పని లేనప్పుడు వచ్చే ఆలోచన తెల్ల కాగితం ముందు కూర్చుంటే రాదు. గోంగూర ఆకు తుంచుతూ ఒకసారి మూడు వారాలుగా తెగని ముడి విప్పేశాను. లిఫ్టు కెమెరాకి చిక్కకుండా మనిషి పైకి ఎలా వెళ్ళాడు అన్నది ఆ ముడి. వెళ్ళలేదు! అప్పటికే పైన ఉన్నాడు.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పుకోవాలి. క్రిస్టీకి వంటమనిషి ఉంది, పనివాళ్ళున్నారు, కూతురికి ఆయా ఉంది, ఇంట్లో అందరూ కార్లో అని పిలుచుకునే సెక్రటరీ షార్లెట్ ఫిషర్ ఉంది. డైనింగ్ టేబుల్ మీద రాసింది నిజమే, ఆ టేబుల్ మీదకి వచ్చే అన్నం ఆవిడ వండిందేం కాదు. ఇల్లు చూసుకుంటూనే అన్ని పుస్తకాలు రాసింది, నీకేం పట్టింది అని ఎవరైనా మనకి ఆవిణ్ణి చూపిస్తే ఈ ముక్క గుర్తు చేయండి.

పనివాళ్ళంటే గుర్తొచ్చింది. నేను రాయడం మొదలుపెట్టింది ఒక గొలుసు వల్ల.

రెండేళ్ళ కిందట మా బ్లాకులో ఒకరింట్లో నల్లపూసల గొలుసు కనిపించలేదు. ఆ సాయంత్రానికల్లా గేటు యాప్‌లో వాళ్ళింటి పనావిడ ఎంట్రీ ఆపేశారు. వేలితో ఒక్క నొక్కు. ఆవిడ మా బ్లాకులో ఇంకో నాలుగిళ్ళలో చేసేది, మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడిపోయింది. పోలీసు కంప్లయింటు లేదు, అడిగినవాళ్ళు లేరు. వాట్సాప్ గ్రూపులో మాత్రం "అందరూ జాగ్రత్తగా ఉండండి" అని మెసేజీ వచ్చింది. దాని కింద నలభై దాకా దణ్ణాల బొమ్మలు. మూడు వారాల తర్వాత గొలుసు పాత హ్యాండ్‌బ్యాగు లోపలి గుడ్డ చిరుగులో దొరికింది. ఎంట్రీ మళ్ళీ తెరిచారు. గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. ఆవిడ మళ్ళీ రాలేదు, తెల్లాపూర్ వైపు ఎక్కడో కుదురుకుందని విన్నాం.

ఆ మూడు వారాలూ నాకు నిద్రపట్టేది కాదు. ఇంట్లో వస్తువు పోతే మన చూపు ముందు ఎవరి మీదకి వెళుతుంది? ఎందుకు వెళుతుంది? నేరపరిశోధన అంతా ఆ ప్రశ్నలోనే ఉంది కదా అనిపించింది. అప్పుడు పుట్టారు సుభద్రమ్మగారు. మొదటి కథలో ఆవిడ చేసే మొదటి పని పనమ్మాయిని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "నువ్వేం చూశావో చెప్పమ్మా" అని అడగడం. అనుమానితురాలిగా పిలవలేదు, సాక్షిగా పిలిచారు. పనిమనిషికి తెలిసినన్ని సంగతులు ఇంటి యజమానికే తెలియవు. ఏ అల్మరా తలుపు ఊగుతుందో, ఎవరి దిండు గలీబు ఎప్పుడు మారుతుందో.

క్రిస్టీకీ ఈ ఎరుక ఉంది. ఆవిడ మిస్ మార్పుల్ అనే ముసలావిణ్ణి సృష్టించింది. 1930లో వచ్చిన తొలి మార్పుల్ నవల్లో వికార్ ఇంట్లో హత్య జరుగుతుంది. మార్పుల్ అల్లిక చేసుకుంటూ అందరి మాటలూ వింటుంది. ఎవరిని చూసినా తన ఊళ్ళో ఎవరో ఒకరు గుర్తొస్తారు. ఆ పాత్రలో క్రిస్టీకి వరసకి నాయనమ్మ అయ్యే ఒకావిడ పోలికలున్నాయి. ఎవరి గురించైనా చెడే ఊహించేదట ఆ పెద్దావిడ, భయంకరంగా అదే నిజమయ్యేదట! 1953లో రాసిన ఒక నవల్లో గ్లాడిస్ అనే పనిపిల్ల చనిపోతుంది. అనాథాశ్రమంలోంచి వచ్చిన ఆ పిల్లకి పని నేర్పింది మార్పులే. డబ్బున్న ఇంటాయన చావు కంటే ఆ పిల్ల చావే మార్పుల్‌ని ఆ ఊరికి రప్పిస్తుంది. ఎప్పుడూ మెత్తగా ఉండే ముసలావిడకి అంత కోపం వచ్చిన పుస్తకం నాకిష్టమైనది.

అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను. నా కథల్లో పనిమనిషీ, వాచ్‌మనూ, డెలివరీ కుర్రాడూ దొంగలు కారు. మా అమ్మాయి దీనికి ఒప్పుకోదు. "అమ్మా, అప్పుడు చదివేవాళ్ళకి ముందే ముగ్గురు అవుట్ అని తెలిసిపోతుంది కదా, ఇంక సస్పెన్సేముంది?" అంటుంది. ఆటకి దెబ్బే, కాదనను. క్రిస్టీ అయితే అలా ఎవరినీ మినహాయించేది కాదు, అదే ఆవిడ గొప్ప. అయినా నా నియమం నాకుంది. మా గేటు దగ్గర రోజూ ఆ ముగ్గురినే కదా అనుమానిస్తున్నారు, కనీసం కథలోనైనా సొంతింటివాళ్ళ సంచులు వెతుకుదాం. మొదటి కథ చదివి, పైఅంతస్తు ఆవిడ ఒకరు నాతో లిఫ్టులో మాట్లాడ్డం మానేశారు. ఆ కథ ఆవిడ గురించి కాదు. కాదని చెప్పడానికి వెళ్ళలేదు నేను.

మా తెనాలి రోజుల్లో డిటెక్టివ్ అంటే యుగంధరే. కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు అద్దెకి తెచ్చుకుని, పెద్దవాళ్ళ కంట పడకుండా బియ్యం డబ్బాలో దాచుకుని చదివేవాళ్ళం. యుగంధర్‌కి అసిస్టెంటు రాజు ఉండేవాడు, కారుండేది, ఏ అర్ధరాత్రి అయినా బయటికి వెళ్ళగలిగేవాడు. (ఆయన తిరిగొచ్చేదాకా అన్నం కింద పొయ్యి ఎవరు వెలిగించి ఉంచేవారో రాయలేదు.) అదే కాలంలో ఆడవాళ్ళు తెలుగులో నవలలు రాసి వారపత్రికలు నడిపించారు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' కోసం మా పెద్దమ్మలు అద్దె లైబ్రరీ దగ్గర వంతులేసుకునేవారట. మాలతీ చందూర్‌గారు 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షిక కింద నెలకో ఇంగ్లీషు నవల మన ఇళ్ళలోకి తెచ్చిపెట్టారు. నాకు తెలిసి అపరాధ పరిశోధన అనే అల్మరాని మాత్రం ఎక్కువగా మగవాళ్ళకే వదిలేశాం. ఎందుకా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది: డిటెక్టివ్ అంటే ఇల్లు దాటాలి, రాత్రిపూట దాటాలి. అనుమతి అడగాల్సిన మనిషి డిటెక్టివ్ ఎలా అవుతుంది? కోజీ మిస్టరీలో ఆ చిక్కు లేదు. మల్లెమొగ్గలు మాల కడుతూ గుమ్మంలో కూర్చుంటే చాలు, ఊరే గుమ్మం ముందుకొస్తుంది.

అలవాట్ల దగ్గరికి వస్తాను. క్రిస్టీ వదిలివెళ్ళిన నోటుబుక్కులు 73. వాటిని జాన్ కరన్ అనే ఆయన ఓపిగ్గా చదివి 2009లో పుస్తకంగా వేశారు. వరస లేదు, వాడీ లేదు. ఒక నవల ఆలోచన పక్కనే సామాన్ల జాబితా, క్రిస్మస్ కానుకలు ఎవరికేమివ్వాలో లెక్క. ఒకే కథకి హంతకుడు ఇతనైతే, ఆవిడైతే అని రకరకాలుగా వేసి చూసుకున్న పేజీలు. నా నోటుబుక్కు ఇస్త్రీ పద్దు పుస్తకం. "చీరలు 3, చొక్కాలు 11, పంచె 1" కింద "సాయంత్రం 4.20కి లిఫ్టులో ఎవరు?" అని ఉంటుంది. ఇస్త్రీ అబ్బాయి ఒకరోజు పేజీ తిప్పి, "అమ్మా, 4.20కి నేనే వచ్చిన" అన్నాడు పాపం.

ఫోన్లో మాటలు చెబితే తెలుగులో రాసిపెట్టే సదుపాయం వచ్చాక చపాతీలు ఒత్తుతూ చెప్పేస్తుంటాను. క్రిస్టీ కూడా 1952లో మణికట్టు విరిగాక డిక్టాఫోన్‌కి చెప్పడం అలవాటు చేసుకుంది. ఆవిడ డిక్టాఫోన్ ఉన్నదున్నట్టు పట్టుకునేదేమో. నా ఫోను "శవాన్ని చూసి" అంటే "శివాన్ని చూసి" అని రాసి కథని శివరాత్రి చేసేస్తుంది. పైగా పైకి చెబుతుంటే ఇంకో ఇబ్బంది. "చంపిందెవరో నాకు ముందే తెలుసు" అని పొయ్యి దగ్గర గట్టిగా అంటున్నాను ఒకరోజు. వెనకాల పనమ్మాయి చీపురు వదిలేసి, "ఎవరు సచ్చిపోయిన్రమ్మా?" అని గుండె పట్టుకుంది. కథ అంతా చెబితే గానీ మళ్ళీ పని మొదలుపెట్టలేదు. విని, "ఆ చిన్నకోడలు మీదనే నాకు డౌటు" అంది. ఆ చిన్నకోడలే! అయిదో భాగానికే కనిపెట్టేసింది. ఆ రాత్రి కూర్చుని మొత్తం మార్చాను. ఇప్పుడు ప్రతి భాగం ముందు ఆ అమ్మాయికే వినిపిస్తాను, కనుక్కోలేకపోతేనే బయటికి పంపుతాను.

ఇవన్నీ సరదాగా చెబుతున్నాను గానీ, పోయిన నెల ఒక చిన్న విషయం నన్ను బాగా పట్టుకుంది. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, నెలలు నిండుతున్నాయి. నేను వెళ్ళాలి, ఆరు నెలలు. వీసా ఫారం అదే ఆన్‌లైన్లో నింపుతూ ఫోన్ చేసింది. "అమ్మా, ఆక్యుపేషన్ దగ్గర హోమ్‌మేకర్ అని పెట్టేస్తున్నా." ఆ జాబితాలో ఇంకా ఏమేం ఉన్నాయే అని అడిగాను. చదివింది. వ్యవసాయం, బిజినెస్, ఇంజనీరింగ్, ఆర్టిస్ట్, చివర్లో అదర్. రచయిత అని విడిగా లేదు. "అదర్ పెడితే వివరం రాయమంటుంది అమ్మా, నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో నిన్ను నిలబెట్టి అడుగుతారు, ఎందుకొచ్చిన గొడవ" అంది. సరే పెట్టమన్నాను. అబద్ధమేం కాదు కదా.

ఫోను పెట్టేశాక క్రిస్టీ సంగతే మళ్ళీ గుర్తొచ్చింది. ఆవిడ 1926లో తల్లిని పోగొట్టుకుంది, అదే ఏడు భర్త విడాకులు కావాలన్నాడు, డిసెంబరులో ఇల్లు వదిలి వెళ్ళి 11 రోజులు ఎవరికీ కనిపించలేదు. మరుసటి ఏడాది కూతుర్నీ సెక్రటరీనీ తీసుకుని కేనరీ దీవులకి వెళ్ళి, ఏ మాత్రం మనసు లేకపోయినా, పక్కన పిల్ల సతాయిస్తున్నా, డబ్బు అవసరం కాబట్టి బ్లూ ట్రైన్ నవల పట్టుకుని రాసింది. సరదాగా రాసే మనిషి నుంచి వృత్తిగా రాసే మనిషిగా మారింది అప్పుడేనని తనే చెప్పుకుంది. రాయబుద్ధి కాకపోయినా, రాసేది నచ్చకపోయినా రాయాల్సి రావడమే వృత్తి అని ఆవిడ లెక్క. ఇంత తెలిసిన మనిషి ఏ ఫారంలోనైనా వృత్తి అన్న చోట ఏం రాసేదో తెలుసా? పెళ్ళయిన స్త్రీ అని. లోకమంతా తన పుస్తకాలు చదువుతున్నా ఇంకోటి రాయాలని ఆవిడకి తోచేదే కాదట.

దీన్ని వినయమని కొందరు మెచ్చుకుంటారు. నాకు అలా మెచ్చుకోబుద్ధి కాలేదు. వృత్తి అంటే ఏమిటో అంత కచ్చితంగా తెలిసినావిడ ఆ గడిలో ఆ మాట రాయకపోవడం నాకు కొంచెం బాధగానే ఉంది. నాకైతే కథలకి ఈ రెండేళ్ళలో వచ్చిన డబ్బు రెండు పట్టుచీరలకి కూడా చాలదు. అయినా పోయిన చలికాలం మావారికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఏడో భాగం రాశాను. బుద్ధి పుట్టి రాయలేదు. సోమవారానికి ఇస్తానన్నాను కాబట్టి రాశాను. ఆవిడ లెక్క ప్రకారం చూస్తే మరి అదేమిటి?

ఇప్పుడు నడుస్తున్న కథ వరలక్ష్మీ వ్రతం నాటిది. పేరంటానికి ఇరవై రెండు మంది వచ్చి వెళ్ళాక పూజగదిలో వెండి పన్నీరుబుడ్డి లేదు. అందరూ లోపలికి వెళ్ళారు, అందరి చేతిలోనూ తాంబూలం సంచీ ఉంది. ఇంకా నాలుగు భాగాలు మిగిలాయి, ప్రయాణం లోపల రెండు పూర్తవుతాయి. మిగతావి అక్కడే రాయాలి. పురిటి పనుల మధ్య అయ్యే పనేనా అని మావారు అడిగారు. ఆయనకి సమాధానంగా క్రిస్టీ రెండో భర్త మాక్స్ మాలోవన్‌తో ఇరాక్ తవ్వకాలకి వెళ్ళిన సంగతి చెప్పాను. నిమ్రూద్‌లో ఆవిడ 50 పౌండ్లు పెట్టి మట్టి ఇటుకలతో చిన్న గది కట్టించుకుంది, దాని పేరు బైత్ అగాథా, అగాథా ఇల్లు అని. అక్కడ రాసుకునేది. తవ్వకాల్లో బయటపడ్డ దంతపు బొమ్మల సందుల్లో మట్టి పోవడానికి తను మొహానికి రాసుకునే క్రీముతో తుడిచేది. అంతా విని మావారు, "ఎడారిలో గదంటే కట్టించుకోవచ్చు, డల్లాస్‌లో 50 పౌండ్లకి ఏమొస్తుంది?" అన్నారు.

అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేసి మీ డైనింగ్ టేబుల్ ఊగుతుందా అని అడిగాను. ఊగుతుంది అమ్మా, కిందటేడే స్క్రూలు పోయాయి అంది. ఎందుకో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత ఫోటో పంపింది. కిటికీ పక్కన కొత్త టేబుల్ ఒకటి, పిల్లాడికి బట్టలు మార్చడానికి కొన్నదే. "పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా నీది, మిగతా టైము వాడిది" అని రాసింది. ఊగుతుందేమో చూడవే అంటే వీడియో తీసి పంపింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో టేబుల్ని అటూ ఇటూ ఊపి చూపించింది. ఊగలేదు.